వేటగాడి మాటు నుంచి కెమెరా మాటుకు: హైదరాబాద్ పడమటి శివార్లలో వన్యప్రాణి ఛాయాచిత్రణ

హైదరాబాద్‌కు పడమట గండిపేట జలాశయానికి కూతవేటు దూరంలో ఉన్న కోకాపేట పేరు వినగానే ఇప్పటి పాఠకుడికి ఆకాశహర్మ్యాలు, ఔటర్ రింగ్ రోడ్డు, ఎకరం వంద కోట్లు దాటిన వేలంపాటలు గుర్తుకు రావడం సహజమే గాని, ఆ ఊరి బండగుట్టలకూ సీతాఫలం పొదలకూ జలాశయపు ఒడ్డుకూ మరో చరిత్ర కూడా ఉంది. కంటపడి కనుమరుగయ్యే పక్షినీ జంతువునూ ఆ ఒక్క క్షణంలోనే ఛాయాచిత్రంగా నిలపడానికి మనుషులు చేసిన ప్రయత్నాలకు ఈ పడమటి శివార్లు గత కొన్ని దశాబ్దాలుగా వేదికగా నిలిచాయి. ఆ ప్రయత్నాల మూలాలు వెతుక్కుంటూ పోతే అవి నిజాం కాలపు వేట శిబిరాల దాకా, కడప జిల్లా లంకమల కొండల దాకా, అక్కడి నుంచి నల్లమల పులిదారుల దాకా వెళ్తాయి.

వన్యప్రాణి ఛాయాచిత్రణ చరిత్రను కెమెరాల చరిత్రగా, అంటే గాజు ప్లేటు పోయి ఫిల్మ్ వచ్చి, ఫిల్మ్ పోయి డిజిటల్ సెన్సార్ వచ్చిన వరుసగా చెప్పడం పరిపాటి. యంత్రం వేగం పెరిగిన మాట నిజమే. అయితే తెలుగు నేల మీద దొరికే ఆధారాలను దగ్గర పెట్టుకుని చూస్తే, జంతువు ఏ దారిన వస్తుందో, ఏ వేళకు నీటికి దిగుతుందో, కదలబోయే ముందు ఏం చేస్తుందో ఎరిగిన మనిషి లేకుండా ఏ తరం కెమెరా కూడా ఫలితం ఇవ్వలేదని తెలుస్తుంది. ఆ ఎరుక చాలాకాలం వేటగాళ్ల దగ్గరా, ఉచ్చులు పన్నేవారి దగ్గరా, అడవిలో పుట్టి పెరిగిన చెంచుల దగ్గరా ఉండేది. ఛాయాచిత్రకారుడు దాన్ని వాళ్ల నుంచే అందుకున్నాడు.

హైదరాబాద్ రాజ్యంలో ఈ కథ రాజా దీన్‌దయాళ్‌తో మొదలవుతుంది. 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో పుట్టి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇండోర్‌లో ప్రభుత్వోద్యోగం చేస్తూ కెమెరా పట్టిన ఆయన 1880ల నడుమ హైదరాబాద్ చేరి, ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ‘రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్’ బిరుదు పొందారు. సికింద్రాబాద్‌లో ఆయన స్టూడియో నడిచింది. దర్బార్లు, భవనాలు, కరువు సహాయ పనులు, సైనిక విన్యాసాలతో పాటు నిజాం వేట శిబిరాలు కూడా ఆయన కెమెరాకెక్కాయి. మహబూబ్ అలీ ఖాన్ పులివేటలో పేరుమోసినవాడు; విదేశీ అతిథులకూ బ్రిటిష్ ఉన్నతాధికారులకూ వేట ఏర్పాటు చేయడం ఆనాటి ఆస్థాన మర్యాదల్లో భాగం. 1902లో వైస్రాయ్ కర్జన్ దంపతులు హైదరాబాద్ రాజ్యానికి వచ్చినప్పుడు చచ్చిన పులిని ముందు పడుకోబెట్టి తీయించుకున్న ఛాయాచిత్రం ఈనాటికీ ఎన్నో పుస్తకాల్లో కనిపిస్తుంది.

ఆ చిత్రాలన్నిటిలోనూ పులి చచ్చే ఉండటానికి రాజసం ఒక్కటే కారణం అనుకోకూడదు. ఆనాటి యంత్రానికి అంతకు మించి చేతకాదు. 1850ల నుంచి వాడుకలో ఉన్న ‘తడి ప్లేటు’ పద్ధతిలో, గాజుపలక మీద కొలోడియన్ అనే జిగురు ద్రవాన్ని పూసి, వెండి లవణంలో ముంచి, అది ఆరిపోకముందే కెమెరాలో పెట్టి చిత్రం తీసి, అప్పటికప్పుడు గుడారపు చీకట్లో కడగాల్సి వచ్చేది. ఈ పనంతా పదిపదిహేను నిమిషాల్లో ముగియాలి, పైగా చిత్రం పడటానికి కొన్ని సెకన్లపాటు ఎదుటి వస్తువు కదలకుండా ఉండాలి. 1871లో రిచర్డ్ లీచ్ మాడక్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు జెలటిన్ పూత ఉన్న ‘పొడి ప్లేటు’ను ప్రకటించిన తర్వాత, ఆ దశాబ్దం చివరికి అటువంటి ప్లేట్లు కార్ఖానాల్లో తయారై పెట్టెల్లో రావడం మొదలైంది గనుక, ఛాయాచిత్రకారుడు మొదటిసారిగా ప్లేట్లను ముందే సిద్ధం చేసుకుని అడవికి బయల్దేరగలిగాడు. 1878లో అమెరికాలో మైబ్రిడ్జ్ పరుగెత్తే గుర్రాన్ని వరుస కెమెరాలతో పట్టుకున్నదీ, 1884లో జర్మనీలో ఆన్షుట్స్ ఎగిరే కొంగల్ని చిత్రించిందీ ఆ కాలంలోనే. కాని గుర్రం పరుగెత్తే దారి ముందే నిర్ణయమైనది, కొంగ గూటికే తిరిగి వస్తుంది. చెట్టునీడల్లో ఎటునుంచి వస్తుందో తెలియని పులికి ఎదురుగా, ముక్కాలిపీట మీద నిలిపిన బరువైన కెమెరాతో, నల్లగుడ్డ కింద తలదూర్చి నిలబడే మనిషికి ఆ వెసులుబాటు ఉండేది కాదు.

అదే శిబిరంలో మరో రకపు సిద్ధత పరిపూర్ణంగా ఉండేది. నిజాం వేటకు వారాల ముందే అడుగుజాడలు చూసేవారు అడవిలోకి వెళ్లి, పులి ఏ వాగులో నీళ్లు తాగుతోందో, ఏ నీడన పగలు పడుకుంటోందో ఆనవాళ్లు పట్టేవారు. వాగు ఇసుకలో పడిన పంజా గుర్తు అంచు ఇంకా పదునుగా ఉందా, మంచు తడికి విరిగిందా అన్నదాన్ని బట్టి అది ఏ జామున నడిచిందో చెప్పేవారు. ఎరగా దూడను కట్టి, మంచెలు కట్టి, డప్పులతో అరుపులతో జంతువును ఒక దిక్కుకు తోలే ‘హాంకా’కు వందలమందిని వరుసగా నిలిపేవారు. మంచె మీది తుపాకి ఆ జ్ఞానానికంతటికీ చివరి అంచు మాత్రమే. ఆల్బముల్లో దొరల పేర్లు, నవాబుల పేర్లు నమోదయ్యాయి. జాడ చెప్పినవారి పేర్లు నమోదు కాలేదు. ఛాయాచిత్రణ చరిత్ర రాసేవారు ఈ లోటును గుర్తించకుండా ముందుకు పోవడం అన్యాయం.

వేటగాడి మాటు కెమెరా మాటుగా మారిన సంధి ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో కనిపిస్తుంది. అమెరికాలో జార్జ్ షైరస్ రాత్రిపూట దారికడ్డంగా తీగ కట్టి, జంతువు దాన్ని తాకగానే మెగ్నీషియం పొడి భగ్గుమని వెలిగి కెమెరా పనిచేసే ఏర్పాటు చేశారు. ఆ చిత్రాలు 1906లో నేషనల్ జియోగ్రాఫిక్ పత్రికలో వచ్చాయి. మన దేశంలో అదే ఉపాయాన్ని సంయుక్త పరగణాల (యునైటెడ్ ప్రావిన్సెస్) అటవీ అధికారి ఎఫ్. డబ్ల్యు. చాంపియన్ శివాలిక్ అడవుల్లో పులుల మీద ప్రయోగించి, ఆ చిత్రాలను 1927లో ఒక గ్రంథంగా ప్రచురించారు. చాంపియన్ తుపాకి పక్కనపెట్టిన మనిషి. అయినా తీగ ఎక్కడ కట్టాలన్నది పూర్తిగా వేట విద్యే: పులి అడవిదారి నడుమనే నడవడానికి ఇష్టపడుతుందనీ, ఎండుటాకుల మీద అడుగు వేయడానికి జంకుతుందనీ, ఒకసారి నడిచిన దారికి కొన్నాళ్లకు తిరిగి వస్తుందనీ తెలిసినవాడికే ఆ తీగ ఉపయోగపడింది. ఒక పులి చారలు మరో పులికి ఉండవని, చిత్రాన్ని బట్టి ఏ పులో గుర్తించవచ్చని ఆయన అప్పుడే గమనించారు. ఆ పరిశీలనకు శాస్త్రరూపం రావడానికి దాదాపు డెబ్బై ఏళ్లు పట్టింది.

హైదరాబాద్ రాజ్యంలో పక్షుల మీద మొదటి సమగ్ర పరిశీలన 1931-32లో జరిగింది. నిజాం ప్రభుత్వ సహాయంతో సాలిం అలీ రాజ్యమంతటా శిబిరాలు వేసుకుంటూ తిరిగి చేసిన ఆ సర్వే ఫలితాలు బొంబాయి సహజ చరిత్ర సంఘం పత్రికలో వరుసగా అచ్చయ్యాయి. అది ప్రధానంగా తుపాకితో చేసిన సర్వే. పక్షిని కాల్చి, చర్మం వొలిచి, చీటీ కట్టి భద్రపరచడమే ఆనాటి శాస్త్రీయ సాక్ష్యం. ఇప్పటి పాఠకుడికి ఇది కఠినంగా తోచవచ్చు గాని, ఎగిరే పక్షిని నమ్మదగినంత స్పష్టంగా చిత్రించడం అప్పటి పరికరాలతో చాలా కష్టం. ఉన్న కొద్దిమంది పక్షి ఛాయాచిత్రకారులు గూడు దగ్గరే మాటువేసేవారు. రైల్వే ఉద్యోగి ఇ. హెచ్. ఎన్. లోథర్ మన దేశపు పక్షుల చిత్రాలతో 1949లో ప్రచురించిన పుస్తకం ఈ పద్ధతికి పేరుపొందిన ఉదాహరణ. గూటికి పది పన్నెండడుగుల దూరంలో తడికలతోనో గుడ్డతోనో చిన్న మరుగు కట్టి, దాన్ని రోజుకు కొంత చొప్పున దగ్గరకు జరిపి, తల్లిపక్షి అలవాటుపడ్డాక లోపల కూర్చునేవారు. పిల్లలకు మేత పెట్టడానికి తల్లి తప్పక వస్తుంది గనుక క్షణం ఎప్పుడు వస్తుందన్న సందేహం ఉండేది కాదు. ఆ భరోసాయే తర్వాతి కాలంలో దుర్వినియోగమైంది. గూటిని కప్పిన ఆకులను తొలగించడం, తల్లిని బెదరగొట్టడం, దానివల్ల కాకులూ పాములూ గుడ్లను పసిగట్టడం జరిగాయి. అందుకే నేడు బాధ్యత గల పత్రికలూ పోటీల నిర్వాహకులూ గూటి చిత్రాలను స్వీకరించడం లేదు. ఈ కట్టుబాటు మరికొంత ముందే వచ్చి ఉండవలసింది.

జంతువు ఎరుక, యంత్రం ఓపిక కలిసినప్పుడు ఏం సాధ్యమో చూపే ఉదాహరణ కలివి కోడిది. థామస్ జెర్డన్ అనే ఆంగ్ల సైనిక వైద్యుడు 1848 ప్రాంతంలో శాస్త్రలోకానికి పరిచయం చేసిన ఈ పక్షి పెన్నా, గోదావరి లోయల పొదల్లో బతికే నిశాచరి. 1900 తర్వాత అది ఎవరికీ కనిపించలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1980ల నడుమ బొంబాయి సహజ చరిత్ర సంఘం తరఫున భరత్ భూషణ్ కడప జిల్లాలో వెతుకుతూ, పక్షి బొమ్మను పల్లెల్లో వేటగాళ్లకు చూపించి వివరాలు అడిగారు. ఆ బొమ్మను గుర్తుపట్టినవారిలో పిట్టలు పట్టే ఐతన్న ఒకడు. 1986 జనవరిలో సిద్దవటం ప్రాంతపు రెడ్డిపల్లె దగ్గర రాత్రివేళ టార్చి వెలుగులో ఐతన్న ఒక కలివి కోడిని ప్రాణంతో పట్టి తెచ్చాడు. ఎనభై ఆరేళ్ల తర్వాత ఆ పక్షి మనిషి చేతికి, కెమెరాకు చిక్కిన క్షణం అది. పగలు పొదల్లో కదలక కూర్చుని, రాత్రి పొదల మధ్య ఖాళీ నేలలో పురుగులకోసం తిరిగే పక్షి ఎక్కడ వెలుగుకు నిలిచిపోతుందో ఐతన్నకు తెలుసు. పరికరాలతో వచ్చినవారికి తెలియదు. ఐతన్న పేరు శాస్త్ర సాహిత్యంలో నమోదు కావడం సంతోషించదగిన మార్పు. నిజాం శిబిరాల్లో జాడలు చెప్పినవారికి దక్కని గౌరవం అది.

ఆ తర్వాతి కథ కూడా గమనించదగినదే. కలివి కోడి మళ్లీ మళ్లీ కంటపడే పక్షి కాదు. దాన్ని చూడాలని రాత్రంతా పొదల్లో తిరిగితే ఆ అలికిడికే అది తప్పుకుంటుంది. అందువల్ల పరిశోధకులు పొదల మధ్య సన్నటి మట్టిని చదునుగా పరిచి, తెల్లవారాక దాని మీద పడిన కాలి గుర్తులను చదివే పద్ధతిని, దానికి తోడు ఏదైనా ప్రాణి ముందు నుంచి పోగానే దానంతటదే పనిచేసే కెమెరాలను లంకమలలో వాడి, ఆ అనుభవాన్ని 2002లో ఓరిక్స్ పత్రికలో ప్రకటించారు. నిజాం కాలపు జాడకాడు ఇసుకలో చదివిన విద్యే ఇక్కడ మట్టిపట్టీగా మారి కెమెరాకు దారి చూపింది. మనిషి అక్కడ లేకపోవడమే సరైన సిద్ధత అయిన సందర్భం ఇది.

పులుల విషయంలో ఆ పద్ధతి దేశవ్యాప్తమైంది. 1990ల తొలినాళ్లలో కర్ణాటకలోని నాగరహొళెలో ఉల్లాస్ కారంత్ మొదలుపెట్టిన కెమెరా గణన క్రమంగా అధికారిక విధానంగా స్థిరపడింది. దారికి రెండు వైపులా మోకాలి ఎత్తున ఎదురెదురుగా రెండు కెమెరాలు బిగిస్తారు, ఎందుకంటే పులి కుడిపక్క చారలకూ ఎడమపక్క చారలకూ పోలిక ఉండదు. రెండు పక్కలూ ఒకేసారి పడితేనే ఆ పులి ఫలానాదని తేల్చగలరు. 2018 గణనలో దేశంలో 26,838 చోట్ల కెమెరాలు పెట్టగా 3 కోట్ల 48 లక్షలకు పైగా చిత్రాలు వచ్చాయి, వాటిలో పులులున్నవి 76,651. ఈ నిష్పత్తిని కొంచెం నిదానంగా చూడాలి: కునుకు లేని యంత్రానికి సైతం దాదాపు నాలుగు వందల యాభై చిత్రాల్లో ఒక్కదానిలోనే పులి పడింది. నల్లమలలో, అంటే నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యంలోనూ రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణ వైపు ఏర్పడిన అమ్రాబాద్ పులుల అభయారణ్యంలోనూ, ఏ మలుపు దగ్గర కెమెరా బిగించాలన్న నిర్ణయంలో చెంచు కాపలాదారుల మాటకు నేటికీ విలువ ఉంది.

హైదరాబాద్ నగరంలో పక్షుల్ని తుపాకి లేకుండా చూడటమనే అలవాటుకు సంస్థారూపం 1980లో వచ్చింది. ఆ ఏడాది ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ పక్షి పరిశీలకుల సంఘం, ఇప్పుడు డెక్కన్ బర్డర్స్ పేరుతో నడుస్తున్నది, చెరువుల వెంట, గుట్టల వెంట సభ్యులను తీసుకువెళ్లి, చూసినదాన్ని తేదీతో సహా రాసిపెట్టే క్రమశిక్షణను నేర్పింది. అది ఫిల్మ్ కాలం. ఒక చుట్టలో ముప్పై ఆరు చిత్రాలు మాత్రమే పడతాయి. రంగుల స్లైడ్ ఫిల్మ్ ఖరీదైనది, పైగా దాని కాంతి గ్రహణశక్తి తక్కువ కావడంతో తెల్లవారుజామున, సంజవేళ, అంటే పక్షులు చురుకుగా ఉండే సమయాల్లోనే చిత్రాలు మసకబారేవి. ఫోకస్, అంటే లెన్స్‌ను ఎంత దూరానికి స్పష్టంగా నిలపాలన్నది, చేత్తో తిప్పుకోవాలి. అందువల్ల ఆనాటివారు పక్షి మీద గురిపెట్టడం కన్నా, అది వచ్చి వాలే కొమ్మ మీద ముందే ఫోకస్ నిలిపి, ఊపిరి బిగబట్టి ఎదురుచూడటం నేర్చుకున్నారు. 1985లో మినోల్టా సంస్థ కెమెరా దేహంలోనే స్వయంచాలక ఫోకస్‌ను అమర్చాక ఈ శ్రమ కొంత తగ్గింది. కాని చుట్టలో మిగిలిన చిత్రాల లెక్క మనసులో మెదులుతూనే ఉండేది, ఆ లెక్క వల్లే చూపు పదునెక్కిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

1998లో సైబర్ టవర్స్ ప్రారంభమై మాదాపూర్ రూపురేఖలు మారిన కొద్ది ఏళ్లకే, 2003 ప్రాంతంలో, సామాన్య ఉద్యోగి కొనగల డిజిటల్ కెమెరాలు బజారుకొచ్చాయి. ఈ రెండూ ఒకే కాలంలో జరగడంతో హైదరాబాద్ పడమటి శివార్లలో కొత్త తరం ఛాయాచిత్రకారులు పుట్టుకొచ్చారు. వారమంతా తెరల ముందు పనిచేసి, శనాదివారాల్లో చీకటితోనే లేచి గండిపేట, హిమాయత్‌సాగర్, అమీన్‌పూర్ చెరువు, పటాన్‌చెరు దగ్గరి ఇక్రిశాట్ పొలాలు, చిలుకూరు మృగవని దారులు పట్టిన ఉద్యోగులు వీరు. 1908 మూసీ వరదల తర్వాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలతో నిర్మాణమై 1920లో పూర్తయిన గండిపేట జలాశయం తాగునీటికోసం కట్టినదే అయినా, దాని పరీవాహక ప్రాంతం నిర్మాణాలకు దూరంగా ఉండటం వల్ల నగరానికి అతి సమీపంలో బయలు ప్రదేశం మిగిలింది. కోకాపేట ఆ బయలుకు తూర్పు వాకిలి.

ఈ కొత్త తరం నేర్చుకున్నదేమిటో చెప్పడానికి పాలపిట్ట కన్నా మంచి పక్షి లేదు. దసరా నాడు దాన్ని చూస్తే శుభమని పొలాల గట్ల వెంట వెతకడం తెలుగు పల్లెల్లో పాత ఆచారం; 2014లో తెలంగాణ దాన్ని రాష్ట్ర పక్షిగా ఎంచుకుంది. కరెంటు తీగ మీద కూర్చున్న పాలపిట్ట మట్టిరంగు రొమ్ముతో ఏమంత ఆకర్షణ లేనట్టు కనిపిస్తుంది. దాని రంగంతా రెక్కల్లో దాగి ఉంటుంది, రెక్క విప్పిన క్షణంలో ముదురు నీలం, లేత నీలం పట్టీలు ఒక్కసారిగా మెరిసి, వాలగానే మాయమవుతాయి. కనుక చిత్రకారుడు పట్టవలసింది అది లేచే క్షణం. తీగ మీద ఉన్న పక్షి తల ఒకవైపు వంచి నేలమీద ఒకే చోట చూపు నిలిపితే అక్కడ మిడత కదిలిందని అర్థం. శరీరం ముందుకు వాలి, ఈకలు ఒంటికి అణగి, కొన్నిసార్లు రెట్ట వేసి, అది లేవడానికి సిద్ధమవుతుంది. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి గనుక గాలి ఎటు వీస్తోందో తెలిస్తే రెక్కలు ఎటు విచ్చుకుంటాయో తెలుస్తుంది. షట్టర్, అంటే కాంతిని లోపలికి వదిలే తెర, సెకనులో రెండు వేలవ వంతు కన్నా ఎక్కువసేపు తెరుచుకుంటే రెక్క అంచు చెదురుతుంది. సూర్యుడు చిత్రకారుడి వెనక ఉండాలి. పక్షి చుట్టూ చట్రంలో రెక్కలు చాచేంత చోటు వదలాలి. ఇవన్నీ పక్షి కదలకముందే పూర్తి కావలసిన పనులు. మిడతను పట్టిన పాలపిట్ట తరచుగా లేచిన తీగ మీదికే తిరిగి వస్తుంది, అందుకే అనుభవం ఉన్నవారు మొదటిసారి తప్పిపోయినా కెమెరా దించరు.

గండిపేట నీటి మీద నలుపు తెలుపుల లకుముకి పిట్ట ఇంకా పెద్ద పరీక్ష. అది నీటిపై కొన్ని బారల ఎత్తున ఒకే చోట రెక్కలాడిస్తూ నిలిచి, ముక్కు కిందికి దించి, చేప కుదురుగా దొరికే దాకా ఆగి, రాయి పడినట్టు నిలువునా దిగుతుంది. దిగడం మొదలయ్యాక మనిషి కన్ను చూసి, మెదడు ఆజ్ఞ ఇచ్చి, వేలు మీట నొక్కడానికి సుమారు సెకనులో అయిదో వంతు పడుతుంది, ఆ లోపున పక్షి చట్రం దాటిపోతుంది. 2016లో ఒలింపస్ సంస్థ తెచ్చిన ఒక కెమెరాలో ఈ లోటును పూడ్చే ఏర్పాటు వచ్చింది: మీటను సగం నొక్కి ఉంచినంతసేపు కెమెరా ఎడతెగకుండా చిత్రాలు తీస్తూ, వాటిని తాత్కాలిక జ్ఞాపకంలో దాచి, పాతవాటిని చెరిపేస్తూ పోతుంది; పూర్తిగా నొక్కగానే అంతకు ముందరి కొద్ది క్షణాల చిత్రాలు కూడా భద్రమవుతాయి. 2022 నాటికి నికాన్ వంటి సంస్థల కెమెరాల్లోనూ ఈ సౌకర్యం చేరింది. ఇలా వేలు కదలకముందరి క్షణం కూడా మనిషికి దక్కింది. అయినా మీటను ఎప్పుడు సగం నొక్కాలన్నది, కెమెరాను ఏ పక్షివైపు తిప్పాలన్నది యంత్రం చెప్పదు. లకుముకి పిట్ట ముక్కు కిందికి దించడాన్ని గమనించని మనిషికి ఆ గడచిన క్షణం కూడా ఖాళీ నీరే.

జంతువు అలవాటుకు నేల కావాలి. పాలపిట్టకు తిరిగి వచ్చే తీగ, కింద మిడతలున్న గడ్డి ఉండాలి. కొమ్ముల గుడ్లగూబకు పగలు దాక్కునే బండసందు ఉండాలి. 1996లో వచ్చిన 111వ జీవో గండిపేట, హిమాయత్‌సాగర్ జంట జలాశయాలకు పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో పెద్ద నిర్మాణాలను కట్టడి చేసింది. 2022లో 69వ జీవో దాన్ని సడలించింది. 2008లో ఔటర్ రింగ్ రోడ్డు గచ్చిబౌలి-శంషాబాద్ భాగం తెరుచుకోవడంతో కోకాపేట నగరం అంచు కాకుండా పోయింది. 2023 ఆగస్టులో అక్కడి నియోపోలిస్ లేఅవుట్‌లో ఎకరం గరిష్ఠంగా 100 కోట్ల 75 లక్షలు పలికింది. కోట్ల ఏళ్లనాటి బండలు పేలుడు మందుకు కంకరగా మారాయి. వాటి సందుల్లో ఏయే ప్రాణులు గూళ్లు పెట్టేవో చెప్పే చిత్రాలు ఎవరి పెట్టెల్లోనో, ఎవరి కంప్యూటర్లలోనో చెల్లాచెదురుగా ఉన్నాయి. మరోవైపు, 2016లో అమీన్‌పూర్ చెరువు జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందడం, దేశంలో ఆ గౌరవం పొందిన తొలి పట్టణ చెరువుగా నిలవడం, అక్కడి పక్షులను ఏళ్లతరబడి చూసి, చిత్రించి, లెక్కరాసినవారి శ్రమ లేకుండా జరిగేది కాదు.

ఇటీవలి సంవత్సరాల్లో ఈ ప్రాంతంలో వన్యప్రాణి చిత్రం మరో పాత్ర ధరించింది. 2020 మేలో మైలార్‌దేవ్‌పల్లి దగ్గర జాతీయ రహదారి మీద కూర్చున్న చిరుత, 2024లో శంషాబాద్ విమానాశ్రయం గోడ దూకి కెమెరా మాటుల సాయంతో చివరికి బోనులో చిక్కిన చిరుత, 2025 జులైలో కోకాపేటకు పొరుగునే ఉన్న మంచిరేవుల వైపు సంచరించిన చిరుత, ఈ మూడింటి ఉనికినీ ముందు తెలిపినవి చరవాణులూ నిఘా కెమెరాలూ మాటు కెమెరాలే. 2025 మార్చి చివర హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కనున్న కంచ గచ్చిబౌలి భూమిలో చెట్ల నరికివేత మొదలైనప్పుడు, విద్యార్థులు తీసిన జింకల, నెమళ్ల దృశ్యాలు దేశమంతా తిరిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. అదే వారంలో కృత్రిమ మేధతో తయారైన చిత్రాలు కూడా నిజమైనవాటిలో కలిసి ప్రచారమయ్యాయని ప్రభుత్వం ఆరోపించింది, కేసులు నమోదయ్యాయి. ఇటువంటి వివాదంలో చిత్రం అందం కన్నా దాని తేదీ, స్థలం, తీసిన పరికరం వివరాలు ముఖ్యమవుతాయి. నిజమైన చిత్రాలు తీసినవారు ఆ వివరాలను భద్రపరచకపోతే, కల్పిత చిత్రం వల్ల కలిగే అనుమానం నిజమైనదాని మీద కూడా పడుతుంది. చట్టం వైపునుంచి చూస్తే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ అభయారణ్యాల్లో ఛాయాచిత్రణను ఆవాసానికి మార్పు గాని హాని గాని కలగకుండా మాత్రమే అనుమతిస్తున్నది.

కోకాపేట, నార్సింగి, పుప్పాలగూడ, మంచిరేవుల, ఖానాపూర్, గండిపేట ప్రాంతాల్లో లేఅవుట్లు రాకముందు పక్షుల్నీ జంతువుల్నీ చిత్రించినవారు ఈ నగరంలో ఇంకా ఉన్నారు. వారి స్లైడ్లకు బూజు పడుతోంది, పాత హార్డ్ డిస్కులు మొరాయిస్తున్నాయి. పాత తేదీలతో కూడిన జాబితాలనూ చిత్రాలనూ ఈబర్డ్ వంటి బహిరంగ భాండాగారాలు ఇప్పుడు కూడా స్వీకరిస్తాయి. అటువంటి చిత్రాలున్న ప్రతి ఒక్కరూ వాటిని స్కాన్ చేయించి, ప్రతిదానికీ ప్రాణి పేరు, ఊరు, గుట్ట లేదా చెరువు పేరు, నెల, సంవత్సరం రాసి, ఈ ఏడాదిలోనే అందజేయాలని విన్నపం.